సాబ్ చెప్పిన తారీఖు

ఆయన పోయారని నాకు తెలిసింది నాలుగో తారీఖు పొద్దున. పక్క దుకాణం మల్లేశం షట్టరు సగం ఎత్తి, దాన్ని అలాగే వదిలేసి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, సాబ్ పోయిండట. తెల్లారగట్ల. దవాఖాన్ల."

నేను ముందు అనుకున్నది ఆయన గురించి కాదు. ఎనిమిదో తారీఖుకు నాలుగు రోజులే ఉంది, ఈ నెల రిటర్ను ఎవరు వేస్తారు అనుకున్నాను. ఆ తర్వాతే ఆయన ముఖం గుర్తొచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ జరిగింది జరిగినట్టు రాయలేకపోతే ఆయన గురించి రాయడమే అనవసరం. మల్లేశం కాసేపు నిలబడి, "నాది రేపేనక్కా," అన్నాడు. అతనికీ అదే ఆలోచన వచ్చిందని తెలిసి కొంచెం ఊరట కలిగింది. దానికీ సిగ్గుపడ్డాను.

సాబ్ మా రెజిమెంటల్ బజార్‌లో జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే మనిషి. పెద్ద చదువుల ఆడిటరు కాదు. సేల్స్ టాక్సు కాలంలో ఫారాలు చేత్తో నింపేవారు, తర్వాత టైపు కొట్టేవారు, కాలం మారాక కంప్యూటరు నేర్చుకున్నారు. ఆయనకూ ఒక పేరుంది. బజారులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి నేనూ రాయను. నాది యూనిఫాం సామాను దుకాణం. ఇత్తడి బటన్లు, బ్యాడ్జీలు, బెల్టు బకిల్స్, రిబ్బన్లు. మల్లేశం అమ్మేది రేకు ట్రంకులు. అతని దుకాణంలో ట్రంకులకే చోటు చాలదు, కంప్యూటరు లేదు. అందుకని అతని రిటర్ను కూడా సాబ్ నా కంప్యూటర్లోనే వేసేవారు.

దుకాణంలోకి రాగానే ఆయన చేసే మొదటి పని జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, విప్పి, మానిటరు పై మూలన వేలాడదీయడం. "ఎలుతురు కండ్ల పడ్తది," అనేవారు. నా దుకాణంలో పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. ఏ వెలుతురు పడుతుందో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత బటన్ల అట్టపెట్టె ఒకటి లాక్కుని దాని మీద కూర్చునేవారు. నా కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. మా ఆయన బతికున్నప్పుడూ అంతేనట.

ముందు బిల్లు పుస్తకం ఒక్కసారి తిరగేసేవారు. అంకెలు తెర మీదకు ఎక్కించేవారు. అప్పుడు అసలు పని మొదలయ్యేది. నేను తెర మీదివి పైకి చదవాలి. ఆయన కళ్ళు మూసుకుని, బొటనవేలితో వేళ్ళ కణుపులు తాకుతూ వినేవారు. వెనకటి రోజుల్లో ఒకరు ఖాతా చదువుతుంటే ఇంకొకరు సరిచూసుకునేవారట. ఆ అలవాటు ఆయన వదల్లేదు. కంటికి మోసం తెలియదనేవారు, చెవికి తెలుస్తుందనేవారు. ఎక్కడైనా తేడా వస్తే కళ్ళు తెరవకుండానే చెయ్యి పైకెత్తేవారు.

"జెర మళ్ళ చదువు."

చదివేదాన్ని. నిజంగానే అక్కడ తప్పుండేది.

"సున్నాలు మింగకు చెల్లె. నువ్వు కథల పుస్తకం చదివినట్టు గడగడ పోతున్నవు."

కౌంటరు కింద నేను పుస్తకం దాచుకుంటానని ఆయనకు తెలుసు. ఎప్పుడూ పేరు అడగలేదు. ఎన్ని పేజీలు అయ్యాయని మాత్రం అడిగేవారు.

అన్నీ అయ్యాక, చివరి మీట నాతోనే నొక్కించేవారు. నేను నొక్కేముందు ఆయన పెదవులు కదిలేవి. బిస్మిల్లా అనుకునేవారేమో.

ఆయన అబద్ధాలాడేవారు. పోయాక కొందరు ఆయనను దేవుడన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఆయన నెలనెలా, ఏళ్ళ తరబడి, బజారులో అందరికీ ఒకే విషయంలో అబద్ధం చెప్పారు. ఆ విషయం ఆఖరి తారీఖు.

మల్లేశానికి అయిదు. నాకు ఎనిమిది. మూల మీది బూట్ల దుకాణానికి ఏడు. ఒకసారి మల్లేశం నా దుకాణంలోనే నిలదీశాడు.

"ఈ అక్కకు ఎనిమిది అంటవు, నాకు అయిదంటవు. గవర్నమెంటు మనిషికొక తారీఖు పెడ్తదా సాబ్?"

"పెడ్తది. నీ అసుంటోళ్ళను చూసే పెట్టింది."

"నీ పెండ్లి పత్రికల సుత మూడు రోజుల ముందటి తారీఖే ఏసినవా?"

"ఏసిన. అందుకే నికా టయానికయ్యింది. నీ లెక్క ఆఖరి రోజు దాక కూసుంటే బిర్యానీ సుత మిగలకపోవు."

మల్లేశం పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుతో ప్రశ్న మరిచిపోయాడు. మర్నాడు బిల్లులు తెచ్చి ఇచ్చాడు.

నాకు నిజం తెలిసింది చేతిరుమాలు వల్ల. ఒకరోజు చాయ్ వచ్చింది, ఆయన చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళారు. ఆ గుడ్డ జారుతుంటే సర్దబోయాను. దాని వెనక, తెర మీద, చిన్న అక్షరాల్లో ఆఖరి తారీఖు కనిపించింది. పదకొండు. ఆయన తిరిగొచ్చేసరికి నేను ఇంకా ఆ గుడ్డ పట్టుకునే ఉన్నాను.

ఆయన చాయ్ గ్లాసు తీసుకుని పెట్టె మీద కూర్చున్నారు. కోపం రాలేదు. దొరికిపోయిన మనిషిలా కూడా లేరు.

"తెల్సుకున్నవు గద. ఎవరికీ చెప్పకు."

"ఎందుకు సాబ్ గిట్ల?"

చాలాసేపు చాయ్ తాగారు. తర్వాత చెప్పారు. ఆన్‌లైన్‌లో రిటర్నులు మొదలైన కొత్తలో ఆయన అందరి పనీ ఆఖరి రోజుకు పెట్టుకున్నారట. ఆ రోజు పొద్దున్నుంచి పోర్టల్ సరిగ్గా తెరుచుకోలేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉందట. ఒక్కొక్కరి పని ముగిస్తూ పోతే ఒకరిది మిగిలిపోయింది. బనియన్లు అమ్మే మనిషి. అతని బిల్లులు కనిపించలేదని అతని పెద్ద పార్టీ, అంటే అతని దగ్గర ఎక్కువ సరుకు కొనేవాడు, ఇంకో చోట కొనడం మొదలుపెట్టాడు. ఏడాది తిరగకుండా దుకాణం మూతపడింది.

"ఇప్పుడు స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద సాక్సులు అమ్ముతడు. నేను పోతుంటే లేచి సలాం కొడ్తడు చెల్లె. తిట్టినా మంచిగుండు."

గ్లాసు కింద పెట్టి చేతిరుమాలు మళ్ళీ మానిటరు మూలకు వేశారు. నాకు చదవమని సైగ చేశారు.

ఆ కథ విన్నాక నాకు కూడా భయం పట్టుకుంది. ఎందుకంటే నాది కూడా అదే స్థితి. నా సరుకులో మూడు వంతుల్లో రెండు వంతులు ఒకే పార్టీకి పోతుంది. సెక్యూరిటీ గార్డులకు యూనిఫాంలు కుట్టించే కాంట్రాక్టరు. నెలకు రెండు రిటర్నులు. మొదటిది ఎవరికి ఎంత అమ్మామో చెప్పేది, రెండోది దాన్నిబట్టి పన్ను కట్టేది. నేను మొదటిది వేళకు వేస్తేనే నా బిల్లులు అతని ఖాతాలో కనిపిస్తాయి, నాకిచ్చిన పన్ను అతని లెక్కలో తగ్గుతుంది. ఒక్క నెల కనిపించకపోయినా వేరే చోట చూసుకుంటానని అతను మొదట్లోనే చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. అతను పోతే నా దుకాణం నిలబడదు. కార్ఖానా బస్తీలో ఇంటి దగ్గర కూర్చుని బ్యాడ్జీలు కుట్టే ఇద్దరు ఆడవాళ్ళకు పనుండదు.

మా ఆయన పోయినప్పుడు ఆయన పేరు మీదున్న రిజిస్ట్రేషన్ ఆయనతోనే పోయింది. కొత్తది నా పేరు మీద తీసుకోవాలి. దినాలయ్యాక సాబ్ కాగితాలు పట్టుకుని దుకాణానికి వచ్చారు. పరామర్శ మాటలేవీ మాట్లాడలేదు. ఒక్కో గడి చూపిస్తూ అడిగారు, నేను చెప్పాను. ఫోను నంబరు దగ్గరికి వచ్చేసరికి నాకు నా నంబరు గుర్తురాలేదు.

"మీదే రాసుకోండి సాబ్."

ఆయన కలం ఆగింది. నా వైపు చూసి, తన నంబరు రాసుకున్నారు.

నేనొక్కదాన్నే కాదు. బజారులో సగం మందిది అదే కథ. కొందరికి దుఃఖం, కొందరికి బద్ధకం, కొందరికి ఆ రోజు ఫోనులో ఛార్జింగు లేదు. అందరి నంబరు గడిలోనూ సాబ్ నంబరే. రిటర్ను వేసిన ప్రతిసారీ వచ్చే ఓటీపీ ఆయన ఫోనుకే వచ్చేది. ఆయన చూసి కొట్టేవారు. ఏ అడ్డంకీ లేకుండా ఏళ్ళు గడిచిపోయాయి. ఎవరికీ అది తప్పని తోచలేదు.

తర్వాత రూల్స్ మారుతున్నాయన్నారు. సాబ్ ఒక కాగితం ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి, దుకాణం దుకాణం తిరిగారు. నా దుకాణంలో దాన్ని కౌంటరు మీద పరిచి అరచేత్తో సాఫు చేశారు.

"రెండు సంగతులు చెల్లె. ఇన్ని దినాలు మొదటి రిటర్న్‌ల తప్పు పోయినా రెండో దాంట్ల సర్దుకునేటోళ్ళం. ఇగ సర్దుడు లేదు. మొదటి దాంట్ల ఏది రాస్తె అదే రెండో దాంట్ల కూసుంటది. తాళం పడ్తది. రెండోది, ఇగ లోపలికి అడుగు పెట్టాలన్నా ఓటీపీ గావాలె. నంబరు నీది ఏసుకోవాలె. పని సుత నువ్వే నేర్సుకోవాలె."

"మీరుండంగ నాకెందుకు సాబ్?"

"నేను బస్సుల ఉంటే? నిద్రల ఉంటే? అది పది నిమిషాలే బతుకుతది."

మాట్లాడుతూ గడియారం చూసుకున్నారు. అది కుడి చేతికి ఉంది. ఎప్పుడూ ఎడమ చేతికి పెట్టుకునే మనిషి. ఆయన సంచి కూడా కుడి భుజానికి మారిందని అప్పుడే గమనించాను. ఎడమ మోచేతి లోపలి వైపు బ్యాండేజీ ఉంది.

"ఏమైంది సాబ్ అక్కడ?"

"దోమ కుట్టింది."

"అంత పెద్ద దోమనా?"

"కంటోన్మెంట్ దోమ. మిలిటరోళ్ళు దానికి సుత ట్రైనింగ్ ఇస్తరు."

నేను నవ్వాను. నవ్వాను కాబట్టి మళ్ళీ అడగలేదు. డయాలసిస్ కోసం ఆ చేతిని సిద్ధం చేశారని, వారానికి మూడు రోజులు దవాఖానాలో పడుకుంటున్నారని ఆయన పోయాకే విన్నాను. వారంలో ఏయే రోజులు ఆయన బజారుకు వచ్చేవారు కాదో లెక్క వేసుకుంటే సరిపోయింది. అంకెలు తప్పితే చెయ్యెత్తి ఆపే మనిషి దగ్గర ఏళ్ళు చదివాను, ఈ లెక్క మాత్రం నాకు వినిపించలేదు.

నా నంబరు మార్చడానికి ఒక పూట పట్టింది. పని నేర్పడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు అంకెలు నేను ఎక్కించాలి, నేనే చదవాలి. ఆయన పెట్టె మీద కూర్చుని వింటారు. నా అరచేతులకు చెమట పట్టేది, మౌసు జారేది. తాళం పడుతుందన్న మాట నా బుర్రలోంచి పోయేది కాదు. ఒక బిల్లు తప్పు ఎక్కిస్తే కాంట్రాక్టరు ఖాతాలో తేడా వస్తుంది, అతను ఫోను చేస్తాడు, ఆ తర్వాత ఫోను చేయడం మానేస్తాడు. నిద్ర లేవగానే నాకు అదే గుర్తొచ్చేది. మొదటి నెల మూడు తప్పులు చేశాను. ఆయన మూడుసార్లు చెయ్యెత్తారు. ఒకసారి విసుక్కున్నారు కూడా.

"పరేషాన్ అయితే అయినవుగని, పరేషాన్‌ల చదవకు. పరేషాన్ పక్కకు పెట్టి చదువు."

"ఏడ పెట్టాలె సాబ్?"

ఆయన కళ్ళు తెరిచి చుట్టూ చూశారు. బెల్టు బకిల్స్ ఉన్న అరను చూపించారు.

"ఆ అరల పెట్టు. అయిపోయినంక తీసుకో."

రెండో నెల ఒకే తప్పు.

మల్లేశం దగ్గరికి ఆయన మూడుసార్లు వెళ్ళారని నాకు తెలుసు. నేను విన్నాను.

"నా ఫోన్ల ఓటీపీ వస్తే మా పోరలు గేములల్ల పెట్టుకుంటరు సాబ్. నీ దగ్గరనే ఉండనీ."

"మల్లేశా, మాట ఇను."

"వచ్చే నెల పక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఎయ్యకు. నీ ట్రంకు మీద ఏసుకో."

ఆయన మెట్లు దిగి, నా దుకాణం ముందు ఒక్క క్షణం నిలబడి, షట్టరు గాడి మీద చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుని వెళ్ళిపోయారు. ఆ నిలబడటం ఇప్పుడు గుర్తొస్తుంది.

ఆరో తారీఖు, ఆయన పోయిన మూడో రోజు, నేను కార్ఖానా బస్తీలోని వాళ్ళింటికి వెళ్ళాను. సందు చివర రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మగవాళ్ళు, లోపల ఆడవాళ్ళు, కింద తెల్లటి దుప్పటి పరిచి ఉంది. ఆయన కూతురు బడిలో టీచరు. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఆమె ఒళ్ళో సాబ్ ఫోను ఉంది. అది మోగుతూనే ఉంది. మోగడం ఆగితే సందేశాలు వచ్చిన చప్పుడు.

ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది.

"వచ్చినయి అంకుల్. నాలుగు వచ్చినయి. మీదేదో నాకు తెలుస్తలేదు. దుకాణం పేరు ఉండదు కదా."

అవతలి మనిషి ఏదో అన్నాడు. ఆమె ఒక్కొక్క ఓటీపీ చదవసాగింది. ఆరు అంకెలు, మళ్ళీ ఆరు అంకెలు. పక్క గదిలో ఖురాన్ చదువుతున్నారు. ఇక్కడ ఈ అమ్మాయి గొంతు తగ్గించి అంకెలు చదువుతోంది. నాలుగూ చదివేలోపు పది నిమిషాలు దాటిపోయాయేమో, ఏదీ పనిచేయలేదు. బజారులో అందరూ ఒకేసారి ప్రయత్నిస్తున్నారు. ఒకరి ఓటీపీ ఇంకొకరు కొడుతున్నారు.

"పొద్దుటి నుంచి గిట్లనే ఆంటీ," అంది. "అందరిదీ లాస్ట్ డేట్ అట. కొందరిది నిన్ననే అయిపోయిందట. అబ్బాజాన్ ఎందుకు ఇట్ల చేసిపోయిండని ఒకాయన తిట్టిండు."

అప్పుడు నాకు జరుగుతున్నదేమిటో అర్థమైంది. ఆయన చెప్పిన దొంగ తారీఖులన్నీ ఈ వారంలోనే ఉన్నాయి. అయిదు, ఆరు, ఏడు. ఎవరికీ నిజం తెలియదు. పదకొండు దాకా వ్యవధి ఉందని తెలిసింది ఆ ఇంట్లో నాకొక్కదానికే. నాకు ఆయన ఎవరికీ చెప్పకు అన్నారు.

ఫోను మళ్ళీ మోగింది. తెర మీద మల్లేశం పేరు. నేను చెయ్యి చాచాను. ఆ అమ్మాయి ఫోను ఇచ్చేసింది.

"బేటా, ఇప్పుడొచ్చిందా, జెర చూడు..."

"మల్లేశం, నేను. పక్క దుకాణం అక్కను."

"అక్కా! నాది నిన్ననే అయిపాయె. రిజిస్ట్రేషన్ తీసేస్తరా? ట్రంకుల ఆర్డరు ఉంది నాకు..."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. పదకొండు అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ మాట గంటలో బజారంతా తిరుగుతుంది. అందరూ పని ఆపి పదకొండు దాకా కూర్చుంటారు. పదకొండున అందరూ ఒకేసారి ఈ అమ్మాయికి ఫోను చేస్తారు.

"నీకు తొమ్మిది దాక ఉంది," అన్నాను.

"తొమ్మిదా? ఎవరు చెప్పిన్రు?"

"సాబ్ చెప్పిండు. పెంచిండ్రట. పోయేముందు నాకు చెప్పిండు."



"సాబ్ చెప్పిండంటే అయితే సరే," అన్నాడు.

ఒక అబద్ధం చెప్పాక మిగతావి సులువయ్యాయి. పొద్దుటి నుంచి చేసిన వాళ్ళందరికీ వరసగా ఫోను చేశాను. ఒకరికి ఎనిమిది, ఒకరికి తొమ్మిది, ఒకరికి పది పొద్దున. ఇవాళ ఎవరూ ఈ నంబరుకు చేయొద్దు, రేపట్నుంచి గంటకు ఒకరు, తమ నంబరు మార్చుకునే దాకా అన్నాను. ఆ అమ్మాయి పలక మీద రాసినట్టు నీటుగా ఒక కాగితం మీద పేర్లు రాసుకుంది. ఫోను నిశ్శబ్దమయ్యాక దాన్ని దుప్పటి అంచు కింద పెట్టి, అప్పుడు ఏడ్చింది.

ఎనిమిదో తారీఖు పొద్దున నేను దుకాణం సగమే తెరిచాను. నా అంకెలు నేను ఎక్కించాను. పదకొండు దాకా వ్యవధి ఉందని నాకు తెలుసు. అయినా నా చేతులకు అది ఆఖరి రోజే. కంటితో రెండుసార్లు సరిచూశాను. అంతా బాగుంది. మీట మీదకు బాణం తీసుకెళ్ళి, ఆపి, వెనక్కి తెచ్చాను. అట్టపెట్టె ఖాళీగా ఉంది. దాని మీద బిల్లు పుస్తకం పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాను. ఖాళీ దుకాణంలో నా గొంతు నాకే వింతగా ఉంది. బటన్లు, ముప్పై ఆరు వేల రెండు వందలు. బకిల్స్, ఇరవై ఒక్క వేలు. రిబ్బను, లక్షా ఎనభై నాలుగు వేలు.

ఎవరూ చెయ్యెత్తలేదు. నేనే ఆగాను.

కాంట్రాక్టరు ఏ నెలలోనూ లక్ష రూపాయల రిబ్బను కొనలేదు. బిల్లు చూస్తే పద్దెనిమిది వేల నాలుగు వందలు. ఒక సున్నా ఎక్కువ కొట్టాను. రెండుసార్లు కళ్ళ ముందు నుంచే పోయింది. అది అలాగే పోయుంటే ఆ రిబ్బను మీద పన్ను పదింతలు కూర్చునేది, కాంట్రాక్టరు ఖాతాలో అతను కొనని సరుకు కనిపించేది. సరిదిద్దే దారి ఒకటి ఉందని సాబ్ చెప్పారు. ఆ దారి ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

సున్నా తీసేశాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. మీట నొక్కాను. నా ఫోనుకు ఆరు అంకెలు వచ్చాయి. కొట్టాను. పచ్చటి పట్టీ మీద అయిపోయిందని వచ్చింది. నేను లేచి బకిల్స్ అర దాకా వెళ్ళి, అక్కడ చేసేదేమీ లేక తిరిగొచ్చాను.

మర్నాడు, తొమ్మిదిన, మల్లేశం వచ్చాడు. బిల్లు పుస్తకం, ఫోను, ఫోను ఛార్జరు కూడా తెచ్చుకున్నాడు. పోరలకు ఫోను ఇవ్వలేదని తనంతట తనే చెప్పాడు. అతను వచ్చేముందే నేను కౌంటరు తుడిచే తెల్లగుడ్డ ఉతికింది తీసి మానిటరు మూలన వేశాను.

సాబ్ కూతురికి ఫోను చేశాం. ఆమె తెల్లవారినప్పటి నుంచి ఫోను పక్కనే పెట్టుకుని ఉందట. ఆరు అంకెలు చదివింది. రెండో నిమిషంలో లోపలికి వెళ్ళాం. నంబరు గడిలో సాబ్ నంబరు ఉంది. మల్లేశం ఆ పది అంకెలను వేలితో ఒకసారి తాకాడు. తర్వాత తనది చెప్పాడు, నేను కొట్టాను.

అప్పుడతని చూపు గుడ్డ మీద పడింది. నా దుకాణంలోకి వెలుతురు రాదని అతనికి పదిహేనేళ్ళుగా తెలుసు. నా వైపు చూశాడు. మళ్ళీ గుడ్డ వైపు చూశాడు. చెయ్యి ఎత్తి దాని అంచు దాకా తీసుకెళ్ళాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనీ అక్కా. సాబ్ సుత గట్లనే ఏసేటోడు."

ఫోనును ఛార్జరుకు తగిలించాడు.

"ఇయ్యాల్నే గద నాది?" అన్నాడు.

"ఇయ్యాల్నే."

"వచ్చే నెల?"

"అయిదు."

తలూపాడు. నేను కుర్చీ అతనికిచ్చి, పెట్టె లాక్కుని దాని మీద కూర్చుని, కళ్ళు మూసుకున్నాను.

"చదువు మల్లేశం. సున్నాలు మింగకు."